డి డ్రైవ్ డర్టీ అంది

ఖమ్మంలో మే నెల సాయంత్రం. ఈదురుగాలికి వేపకొమ్మ విరిగి తీగల మీద పడింది. కరెంటు పోయింది. యూపీఎస్ కీచుకీచుమని అరిచి, మీరు కుర్చీలోంచి లేచేలోపే చేతులెత్తేసింది. అమ్మాయి సీమంతం ఫొటోలు ఫోన్లోంచి డి డ్రైవ్‌లోకి ఎక్కుతున్నాయి అప్పుడే. ఎన్ని ఎక్కాయో తెలియదు.

కరెంటు వచ్చాక బటన్ నొక్కారు. విండోస్ పూర్తిగా లేవకముందే నల్లటి తెర మీద ఒక వాక్యం: డిస్క్ తనిఖీ వద్దనుకుంటే ఏదైనా కీ నొక్కండి. గడువు కొన్ని సెకన్లే, అంకె దిగిపోతోంది. స్పేస్‌బార్ నొక్కేయండి. ఈ తనిఖీ చూసి ఊరుకునే రకం కాదు, కనబడిన తప్పునల్లా అక్కడికక్కడే దిద్దుకుంటూ పోతుంది. సీమంతం ఫొటోలు ఫోన్లోనైనా ఉన్నాయి. పిల్లల చిన్నప్పటివి ఈ డిస్క్‌లో తప్ప ఎక్కడా లేవు.

హైదరాబాద్ నుంచి అబ్బాయి ఫోన్. ‘నాన్నా, చెక్‌డిస్క్ స్లాష్ ఎఫ్ కొట్టెయ్, అదే చూసుకుంటది.’

‘ముందు దానికేమైందో అడుగుదాంరా, తర్వాత కొడదాం.’

వెంటనే వంటింట్లోంచి మీ ఆవిడ గొంతు: ‘ఏమండీ, ఫొటోలు ఉన్నాయా పోయాయా?’ మీ దగ్గర ఇంకా జవాబు లేదు.

స్టార్ట్ మెనూలో సీఎండీ అని కొట్టి, కమాండ్ ప్రాంప్ట్‌ను రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్‌తో తెరవండి. నల్ల కిటికీలో ఎఫ్‌ఎస్‌యుటిల్ డర్టీ క్వెరీ సి: అని కొట్టి ఎంటర్. నాట్ డర్టీ అంది. సి బదులు డి పెట్టి మళ్లీ అడిగారు. ఈసారి జవాబులో నాట్ లేదు. డి డ్రైవ్ డర్టీ.

గాభరా పడకండి. డర్టీ అంటే చెడిపోయిందని కాదు, ఈ డ్రైవ్‌ను ఒకసారి పరీక్షించాలి అని విండోస్ పెట్టుకున్న గుర్తు, అంతే. 1993లో విండోస్ ఎన్‌టీతో వచ్చిన ఎన్‌టీఎఫ్ఎస్ ఈ డ్రైవ్ పద్ధతి. ఏ ఫైలు ఎక్కడుంది, ఏ ఫోల్డర్‌లో ఉంది అనే వివరాల్లో చేయబోయే మార్పులను అది ముందుగా ఒక లాగ్‌లో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే లేవగానే ఆ లాగ్ చూసి తన లెక్కలు సరిచేసుకుంటుంది. అయితే లాగ్‌లో ఉండేది ఆ వివరాలే, మీ ఫొటో లోపలి బొమ్మ కాదు. సగం ఎక్కిన ఫొటోకి అది పూచీ పడదు.

ఇక్కడ చాలామంది రెండు సంగతులను కలిపేస్తారు. పహాణీలో పేరు తప్పు పడటం వేరు, పొలంలో గండి పడటం వేరు. చెక్‌డిస్క్ ముఖ్యంగా పహాణీ దిద్దే మనిషి. గండి ఉందో లేదో డిస్క్ తన లోపల స్మార్ట్ అనే పట్టీలో తానే నమోదు చేసుకుంటుంది. దాన్ని చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ఉచిత ప్రోగ్రామ్ తెరవండి. డి డ్రైవ్‌కు విడిగా పట్టీ వెతకనక్కర్లేదు, సి, డి రెండూ ఉన్నది ఒకే హార్డ్ డిస్క్‌లో కాబట్టి ఒకే పట్టీ. నీలం రంగులో గుడ్ అని ఉంది, సరే. అయినా కిందికి దిగి చూడండి. 05 వరుస, పాడై పక్కన పెట్టేసిన సెక్టర్ల లెక్క. సీ5, చదవడానికి మొరాయిస్తూ తీర్పు కోసం ఆగినవి. సీ6, దిద్దడానికి లొంగనివి. మూడింట్లోనూ సున్నాలే. (మీ తెర మీద సున్నా కాకపోతే ఆ అంకె పదహారు ఆధారంగా రాసి ఉండొచ్చు, 10 అంటే అక్కడ పదహారు.)

పొలం బాగుంది. ఇప్పుడు యూఎస్‌బీ డిస్క్ తగిలించి ఫొటోలన్నీ దానిలోకి ఎక్కించండి. డి డ్రైవ్‌లోకి మాత్రం కొత్తగా ఏదీ రాయొద్దు. పచ్చగీత నత్తనడక నడుస్తోంది, భోజనం చేసి రండి. కాపీ అయ్యాక అక్కడక్కడా కొన్ని తెరిచి చూడండి, తెరుచుకుంటే కాపీ నిజమైనట్టు.

మళ్లీ నల్ల కిటికీ. పలకడం చెక్‌డిస్క్ అయినా కొట్టాల్సింది సి, హెచ్, కె, డి, ఎస్, కె అక్షరాలు. పక్కన డి:, అంతే, స్లాష్ ఎఫ్ లేదు. స్లాష్ ఎఫ్ ఇవ్వలేదు గనక చదవడం వరకే చేస్తాను అని అదే హెచ్చరిస్తుంది. మొదటి దశలో ఫైళ్ల నమోదులు, రెండో దశలో పేర్లూ ఫోల్డర్లూ. శాతం ఎక్కుతూ ఎక్కుతూ రెండో దశలో ఆగింది. తప్పులు దొరికాయి, చదవడం వరకే అయితే ముందుకు పోలేను అంటోంది. సి డ్రైవ్ మీద ఇలా వస్తే నేను అంత నమ్మను. విండోస్ దాని మీద రాస్తూనే ఉంటుంది, కదిలే లెక్కను చదివితే లేని తప్పులూ కనబడతాయి. డి మీద ఇప్పుడు ఏదీ రాయడం లేదు, కాబట్టి దీని మాట నమ్మొచ్చు.

ఇప్పుడు కొట్టండి స్లాష్ ఎఫ్. డ్రైవ్ వాడుకలో ఉంది, బలవంతంగా విడదీయనా అని అడిగింది. ఎన్ నొక్కండి. వెనకాల ఫొటో కిటికీ ఒకటి మిగిలిపోయింది, మూసి మళ్లీ కొట్టండి. ఈసారి అడ్డు లేకుండా సాగింది. సరిదిద్దాను, ఇక చేయాల్సింది లేదు అని ఇంగ్లిష్‌లో రెండు వాక్యాలు, ఆ కింద బ్యాడ్ సెక్టర్లు 0 కేబీ.

డర్టీ క్వెరీ మళ్లీ అడిగితే నాట్ డర్టీ. సీమంతం ఫోల్డర్‌లో చివరి ఫొటో సగం బూడిదరంగు, ఫోన్లోంచి మళ్లీ తెచ్చుకోవాలి. పాతవన్నీ క్షేమం. దాచిన ఫైళ్లు చూపించమంటే ఫౌండ్.000 అనే ఫోల్డర్ కనబడవచ్చు. యజమాని ఎవరో తేలని ముక్కలను చెక్‌డిస్క్ అక్కడ పడేస్తుంది, చూడకుండా చెరిపేయకండి.

అబ్బాయి మళ్లీ అడిగాడు, స్లాష్ ఆర్ కూడా కొడతావా అని. అక్కర్లేదు. అది ఒక్కో సెక్టర్‌నూ చదివిస్తుంది. 1 టీబీ హార్డ్ డిస్క్‌కి గంటలు పడుతుంది. సీ5లో అంకె ఉన్న డిస్క్‌కి, టకటకమనే డిస్క్‌కి ఆ శ్రమ ప్రాణం మీదికి రావచ్చు. మీ డిస్క్ టకటకమంటుంటే ఏ కమాండూ కొట్టకండి. ఆపేసి, డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లండి.