ఆముదపు కందెన

ఇనుపదారి రాకపూర్వము తెలుగుదేశమున ధాన్యమైనను, ఉప్పైనను, ప్రత్తియైనను ఊరి పొలిమేర దాటవలెనన్న రెండెడ్ల బండి యొక ముఖ్యమైన ఆధారము. ఆ బండి సుఖముగా కదలవలెనన్న కందెనయే శరణ్యము. వరిగడ్డిని కాల్చి, ఆ మసిని ఆముదముతో మెదిపి, చిక్కని నల్లముద్దగా చేసి, వెదురు గొట్టమున నింపి, బండి క్రింద వ్రేలాడదీసికొని పోవుట బండివాండ్ర వాడుక. దూరప్రయాణమునకు ముందు బండి నొకప్రక్క పైకెత్తి ఆనుపెట్టి, కడచీల ఊడబెరికి, చక్రమును వెలుపలికి లాగి, ఆ ముద్దను వ్రేళ్లతో ఇరుసు చుట్టును పట్టించి, మరల చక్రమును యథాస్థానమునకు నెట్టి చీల బిగించుచుండిరి. ఈ పనియందు అలసత్వము చూపినవాని సంగతి వేరొకరు చాటనక్కరలేదు. కందెన వేయని బండికి కావలసినంత సంగీతము గదా!

ఇందులకు నువ్వులనూనెను గాక ఆముదమునే ఏల ఏరుకొనిరన్నచో, అది చౌక యనుట సగము సమాధానమే. చేని గట్లమీదను, వానలు చాలని ఎఱ్ఱనేలలయందును పెరుగు పంట యగుటచే అది పేదలకు సైతము అందుబాటున నుండెననుట నిజము. గింజలను వేయించి, రోట దంచి, ఆ ముద్దను నీళ్లలో ఉడికించి, పైకి తేలిన నూనెను గరిటెతో తేర్చి, తడి ఇగురువరకు మరల కాచి ఇల్లాండ్రు వంటాముదమును ఇంటనే తీసికొనుచుండిరి. పిండి విషపూరితమగుటచే పశువులకు పనికిరాకున్నను పొలమున కెరువై పోవుచుండెను. అయినను ఆ నూనె ప్రశస్తికి మూలము దాని నిర్మాణముననే యున్నది. అందలి కొవ్వు ఆమ్లములలో నూటికి 85 నుండి 90 వంతులు రిసినోలిక్ ఆమ్లము. ఆ ఆమ్లపు అణువున అదనముగా నున్న హైడ్రాక్సిల్ సముదాయము వలన నూనె మిక్కిలి చిక్కనై, లోహమును గట్టిగా అంటిపెట్టుకొనును. వేడికి పలుచబడినను తక్కిన గింజనూనెలకంటె చిక్కగానే నిలుచును. ఈ రసాయనశాస్త్రము బండివానికి తెలియదు. ఇరుసు అరగకుండుట మాత్రము తెలియును.

1856లో రాయపురము నుండి వాలాజా వరకు మద్రాసు రైలు నడచినపిమ్మట ఎడ్లబండ్ల గౌరవము తగ్గెనేమో గాని ఆముదము గౌరవము తగ్గలేదు. ఆ శతాబ్దమున ఈ దేశపు రైళ్లలో దీపములకును, యంత్రముల కీళ్లకును ఆముదమును వాడుచు వచ్చిరి. సీమలో ఆవాలజాతికి చెందిన రేప్ గింజల నూనెయు, పశువుల కొవ్వును అట్టి పనులకే వినియోగపడుచుండెను. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాయందు డ్రేక్ అను నతడు బావి త్రవ్వించి రాతినూనె తీసినది మొదలు ఈ వ్యవస్థ తారుమారగుట కారంభమయ్యెను.

అయినను ఆముదమునకు మహోన్నతమైన దశ పెట్రోలియము వచ్చిన తరువాతనే పట్టినది. చరిత్రయందు ఇట్టి విపరీతములు కద్దు. ఫ్రాన్సు దేశమున సెగాఁ సోదరులు నిర్మించిన నోమ్ అను విమానయంత్రమునందు సిలిండర్లన్నియు పంఖాతోపాటు గిరగిర తిరుగును. పెట్రోలును గాలియు కలిసిన ఆవిరి యంత్రగర్భము గుండా పోవును గనుక అందు ఖనిజపు నూనె పోసినచో అది పెట్రోలున కరగి పలుచనై నిష్ప్రయోజకమగును. ఆముదము పెట్రోలుతో అంత తేలికగా కలియదు. అందుచే మొదటి ప్రపంచయుద్ధమున ఈ తరహా యంత్రములుగల విమానములు చాలవరకు ఆముదము త్రాగియే ఎగిరినవి. ఒకసారి లోనికి పోయిన నూనె మరల తొట్టికి రాదు. పొగతోపాటు బయటపడి విమానచోదకుని ముఖమున చిమ్ముచుండెను. ఆ తుంపరలను పీల్చి మ్రింగినవారికి కడుపు జారుచుండెడిదని నాటి వైమానికుల గాథలలో తరచు వినవచ్చును. వంటాముదము త్రాగిన ముఖమని మనవా రెవరినో వేళాకోళమాడుదురు. పాపము, వారిది అక్షరాల అదే ముఖము! లండనులో వేక్‌ఫీల్డు కంపెనీ 1909లో తన నూనెకు క్యాస్ట్రాల్ అని పేరిడుటకు కూడ అందు ఆముదము చేరియుండుటయే కారణము.

తరువాత ఖనిజపు నూనెయే గెలిచినది. అది జారుడుగుణములో గెలిచినదని కొందరు వ్రాయుదురుగాని నాకది సమ్మతము గాదు. ధరయందును, నిలువయందును గెలిచినది. ఆముదమును వేడిలో దీర్ఘకాలము వాడినచో గాలితో కలిసి జిగురై, యంత్రమునకు వార్నిషువలె పట్టుకొనును. దినదినమును యంత్రమును విప్పి తుడుచు యుద్ధశిబిరమున అది చెల్లినది గాని, నెలల తరబడి విప్పని మోటారుకారున చెల్లలేదు.

అయితే బండి ఇరుసునకును ఆ విమానయంత్రమునకును ఒక సామ్యము గలదు. రెండింటను పోసిన నూనె తుదకు బయటకు పోవలసినదే. ఇరుసునుండి రాలిన కందెనను దారిలోని మన్ను తినివేసెను. గింజనూనెలను సూక్ష్మజీవులు వారములలో విరిచివేయును, ఖనిజపు నూనె అంత శీఘ్రముగా విరుగదు. బయటకు పోవు నూనె సులభముగా విరుగునదై యుండవలెనను వివేకము పాశ్చాత్యులకు ఇరువదవ శతాబ్దపు చివరి పాదమున మరల కలిగినది. గొలుసు రంపమునుండి నూనె అడవి నేలపైననే చిమ్మును గనుక జర్మనీ దేశమున రంపపు గొలుసులకు రేప్ నూనెలు వాడుకలోనికి వచ్చినవి. సముద్రపు నీటితో స్పర్శగల ఓడభాగములకు సులభముగా విరుగు నూనెలనే వాడవలెనని 2013లో అమెరికా ప్రభుత్వము తన జలములకు వచ్చు పెద్ద ఓడలకు నిబంధన పెట్టినది.

పూర్వము నిజాము రాజ్యమున నల్లగొండ, మహబూబునగరు మెట్టభూములు ఆముదమునకు పేరొందినవి. నేడు గుజరాతు అగ్రస్థానమున నున్నను, ప్రపంచపు ఆముదములో అత్యధికభాగము భారతదేశమునదే. నూనెగింజల పరిశోధన సంస్థయు, భారతీయ రసాయన సాంకేతిక సంస్థయు రెండును హైదరాబాదుననే యున్నవి. పంటయు పరిశోధనయు ఇట్లు మనచెంతనే యుండగా, భీమవరము చుట్టుప్రక్కల రొయ్యల చెరువులలో నీటిని చిలుకు ఏరేటర్ల గేరుపెట్టెలనుండి నూనె కారినచో నేరుగా రొయ్యలున్న నీటిలోనే కలియును. మోటారుకార్లకు ఆముదము పోయుమని ఎవరును అడుగుట లేదు. నూనె నేలపాలు, నీటిపాలు కాక తప్పని యిట్టి యంత్రములకైనను గింజనూనెయే వాడవలెనని మన ప్రభుత్వములు శాసింపవలెను. ఆ పని మొదట ఆ చెరువులయొద్దనే ఆరంభింపవలెను.