సైన్ గీత కోలారు గనులకు చేరిన దారి

సైన్ విలువలు లెక్కగట్టడం మన దేశంలో పాత విద్యే. గీత గీయడమే ఆలస్యమైంది. ఆర్యభటుడు 499 ప్రాంతంలో వృత్తపాదాన్ని 24 భాగాలు చేసి, వరుస అర్ధజ్యల (అంటే సైన్ విలువల) మధ్య తేడాలను ఒక్క శ్లోకంలో ఇమిడ్చాడు. 225, 224, 222 అంటూ మొదలై చివరికి 22, 7 దగ్గర ఆగుతాయవి. మొదట నిటారుగా లేచి, శిఖరం దగ్గర చదునయ్యే వంపంతా ఆ అంకెల్లోనే ఉంది. గ్రహగతుల లెక్కకు పట్టిక చాలు కాబట్టి, బొమ్మతో ఆయనకు పనిపడలేదు.

1630ల్లో రోబెర్వాల్ వేరే వంపు వైశాల్యం తేలుస్తూ ఈ గీతను గీశాడు. 1748లో ఆయిలర్ సైన్‌ను వృత్తంలోని రేఖగా కాక ప్రమేయంగా నిలబెట్టాడు.

ముళబాగిలు పొరుగునున్న కోలారు బంగారు గనులకు (కేజీఎఫ్‌కు) ఆ ప్రమేయం 1902లో తీగల మీద వచ్చింది. కావేరి మీది శివనసముద్రం నుంచి సుమారు 92 మైళ్లు, త్రీఫేస్ కరెంటు, సెకనుకు 25 ఆవృత్తులు. అంటే ఆవర్తన కాలం సెకనులో 25వ వంతు. కోణం సెకనుకు 50పై రేడియన్లు పెరుగుతుంది. వోల్టేజి ఎంత ఎత్తుకు లేస్తే అది కంపన పరిమితి. ఇక రెండో తీగలోని అల మొదటిదానికన్నా 2పై/3 రేడియన్లు వెనకబడి ఉంటుంది. గ్రాఫును ఎంత కుడికి జరపాలంటే చాలామంది పిల్లలు 2పై/3 అనేస్తారు. దాన్ని 50పైతో భాగించాలి. వచ్చేది సెకనులో 75వ వంతు, ఆవర్తన కాలంలో సరిగ్గా మూడోవంతు. మూడో అల ఇంకో మూడోవంతు వెనక. భారం సమానంగా ఉంటే ఏ క్షణంలోనైనా మూడు కరెంట్ల మొత్తం సున్నా, కాబట్టి తిరుగు తీగ అక్కర్లేదు. 92 మైళ్ల పొడవున అది చిన్న ఆదా కాదు!

ఇప్పుడు మన లైన్లలో ఆవృత్తులు 50, జరుగుడు సెకనులో 150వ వంతు. ముళబాగిలు రైతు బోరుకు త్రీఫేస్ కోసం కాచుకునేది ఈ జరుగుడు కోసమే. మోటారులో అయస్కాంత క్షేత్రాన్ని తిప్పేది అదే. రెండు వైర్లు తారుమారైతే అలల వరుస మారి మోటారు వెనక్కి తిరుగుతుంది, నీళ్లు సరిగా ఎక్కవు. మెకానిక్ వచ్చి ఏవో రెండు వైర్లు మార్చి కట్టి వెళ్తాడు.