ఐదు దిర్హమ్‌ల బీమాకు ముందు, తర్వాత

2008 చివర్లో దుబాయిలో క్రేన్లు ఆగిపోయినప్పుడు మా చిన్నాయన అక్కడ రాడ్ బెండింగ్ పనిలో ఉన్నడు. అప్పుడు నడిచింది 1980 నాటి లేబర్ చట్టం. గ్రాట్యుటీ ఉండేది, మొదటి ఐదేళ్లకు ఏడాదికి 21 రోజుల బేసిక్ లెక్కన. పని పోయిన నెలల్లో బతకడానికి మాత్రం ఏమీ లేదు. ఏజెంటు అప్పు తీరకముందే చిన్నాయన జగిత్యాలకు తిరిగొచ్చిండు.

గల్ఫ్‌లో ఈ బీమా మొదట తెచ్చింది బహ్రెయిన్, 2006 చట్టంతో. యూఏఈలో 2022లో చట్టం చేసి, 2023 జనవరి 1 నుంచి అమలు పెట్టిన్రు. బేసిక్ 16,000 దిర్హమ్‌ల లోపుంటే నెలకు 5 దిర్హమ్‌లు కట్టాలి. బీమాలో చేరకపోతే 400 జరిమానా. ఇళ్లల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్లను మాత్రం ఇందులో కలపలేదు, అది నాకు మింగుడు పడదు.

నిరుడు నా గ్యాంగులో ఒక తమ్మునికి పని పోయింది. ఆఫీసులో ఒక కాగితం పెట్టి సంతకం చెయ్యమన్నరు. చదివితే రాజీనామా! రాజీనామా చేసినోళ్లకు ఈ బీమా రాదు. చెయ్యనన్నడు, తొలగించినట్టే రాయించుకున్నడు. పన్నెండు నెలలు వరుసగా కట్టి ఉన్నడు, 30 రోజుల్లోపే క్లెయిమ్ పెట్టిండు.

జీతం 1,800 కదా, వెయ్యి దాటి వస్తయనుకున్నడు. ఇచ్చేది బేసిక్‌లో 60 శాతం, మూడు నెలల దాకనే. కాంట్రాక్టులో బేసిక్ 900, మిగతాదంతా అలవెన్సు. నెలకు 540 వచ్చినయి.

చిన్నాయనకు ఫోన్లో చెప్తే, "మాకు గవ్వి గూడ లేకపాయె గదరా" అన్నడు.