పైథాన్‌లో బహుళ వెర్షన్ల పరీక్ష

పైథాన్‌లో రాసిన ఒకే ప్రోగ్రామును ఆ భాష వేర్వేరు వెర్షన్లలో, రాసినవారి సొంత కంప్యూటర్లోనే నడిపి చూడటాన్ని బహుళ వెర్షన్ల పరీక్ష అంటారు. లైబ్రరీలు రాసేవారికి ఇది తప్పనిసరి. వాడేవారి దగ్గర ఏ వెర్షన్ ఉంటుందన్నది రాసేవారి చేతిలో ఉండదు.

2008 డిసెంబరులో పైథాన్ 3.0 రావడంతో ఈ అవసరం ఒక్కసారిగా పెరిగింది. పాత కోడ్ పనిచేయకపోయినా సరే, భాషలోని లోపాలను సరిదిద్దాలన్నది దాని రూపకర్తల నిర్ణయం. ఉదాహరణకు, మూడును రెండుతో భాగించమంటే పైథాన్ 2 ఒకటి అని చెప్పేది. పైథాన్ 3 ఒకటిన్నర అంటుంది. ఎర్రర్ ఏదీ రాదు, లెక్క మాత్రం మారిపోతుంది. వేల లైన్ల కోడ్‌లో ఇలాంటి తేడా కంటికి ఆనదు, రెండింటిలోనూ నడిపితేనే బయటపడుతుంది. పైథాన్ 2కు 2015లో ముగియాల్సిన మద్దతును 2020 దాకా పొడిగించారు. దాంతో ఎందరో లైబ్రరీ రచయితలు ఏళ్ల తరబడి రెండు పడవల మీద కాళ్లు పెట్టి నెట్టుకొచ్చారు.

ఇలాంటి పరీక్షకు పునాది అంతకుముందే పడింది. ఒక్కో ప్రాజెక్టుకు కావలసిన లైబ్రరీలను విడివిడిగా ఉంచే వర్చువల్‌ఎన్వ్‌ను ఇయాన్ బికింగ్ 2007లో విడుదల చేశారు. దాన్ని ఆసరాగా చేసుకుని, టెస్టులు నడిపే సాధనం పైటెస్ట్ సృష్టికర్త హోల్గర్ క్రెకెల్ 2010లో టాక్స్‌ను తెచ్చారు. ఒక చిన్న ఫైలులో వెర్షన్ల జాబితా రాసి టాక్స్ అని ఆదేశమిస్తే చాలు. అది ఒక్కో వెర్షన్‌కు వేరుగా ఎన్విరాన్‌మెంట్ తయారుచేస్తుంది, ప్యాకేజీని కట్టి అందులో ఇన్‌స్టాల్ చేస్తుంది, ఆ తర్వాతే టెస్టులు నడుపుతుంది. అందువల్ల ప్యాకేజీలో చేర్చడం మరచిపోయిన ఫైలు కూడా పట్టుబడే వీలుంది.

అయితే టాక్స్ పైథాన్‌ను తానుగా ఇన్‌స్టాల్ చేసేది కాదు.

ఆ లోటును పైఎన్వ్ తీర్చింది. శామ్ స్టీఫెన్సన్ రూబీ కోసం రాసిన ఆర్‌బీఎన్వ్‌ను యమాషితా యూ పైథాన్‌కు అనువుగా మలిచారు. ఇది సాధారణంగా ప్రతి వెర్షన్‌నూ సోర్సు నుంచి కంపైల్ చేస్తుంది కనుక సమయం పడుతుంది. 2024లో ఆస్ట్రల్ సంస్థ విడుదల చేసిన యూవీ, ముందే కంపైల్ చేసిన పైథాన్‌లను దించుకుని ఆ నిరీక్షణను బాగా తగ్గించింది. మరోవైపు, పరీక్షల అమరికను పైథాన్ కోడ్‌లోనే రాసుకునే నాక్స్‌కూ ఆదరణ దక్కింది.

2020 జనవరి 1న పైథాన్ 2 శకం ముగిసినా ఈ పని తగ్గలేదు. 3.9 నుంచి ఏటా అక్టోబరులో కొత్త వెర్షన్ రావాలని, ఒక్కోదానికి దాదాపు ఐదేళ్ల మద్దతు ఉండాలని నిర్ణయించారు. ప్రతి విడుదలా ఏదో ఒకటి మారుస్తుంది. 3.7లో ‘అసింక్’ అన్న పదాన్ని భాష తనకే కేటాయించుకోవడంతో, సెలెరీ లైబ్రరీ అదే పేరున్న తన మాడ్యూల్ పేరు మార్చుకోవాల్సి వచ్చింది. వెర్షన్ సంఖ్యలో మొదటి మూడు అక్షరాలే చదివే ప్రోగ్రాములు 3.10ని 3.1గా పొరబడ్డాయి. ప్యాకేజీలు కట్టే పాత మాడ్యూల్ డిస్ట్‌యుటిల్స్‌ను 3.12 పూర్తిగా తొలగించింది.

సొంత కంప్యూటర్లో చేసే పరీక్షకు ఒక పరిమితి ఉంది: విండోస్ వంటి వేరే ఆపరేటింగ్ సిస్టంలోనో, మరో రకం ప్రాసెసర్ మీదో కోడ్ ఎలా నడుస్తుందో దానికి తెలియదు. అందుకే చాలా ప్రాజెక్టులు ఒకే టాక్స్ ఫైలును ఇంట్లోనూ, గిట్‌హబ్ యాక్షన్స్ వంటి సేవల సర్వర్లలోనూ నడుపుతున్నాయి.