ఎవరిలో శాతం? – భద్రాచలం సరిహద్దు నుంచి హెచ్.ఐ.వి. గణన చరిత్ర

ఖమ్మం జిల్లా హెచ్.ఐ.వి. శాతాన్ని ఉదహరించే పరిశోధకుడు ముందుగా వేసుకోవలసిన ప్రశ్న: ఇది ఎవరిలో శాతం?

భారతదేశంలో ఈ వైరస్ 1986లో మద్రాసులో బయటపడింది. తరువాత చాలాకాలం ప్రభుత్వ ఆసుపత్రులకు వచ్చే గర్భిణులు, సుఖవ్యాధి రోగుల రక్తనమూనాలే జాతీయ అంచనాకు ప్రధాన ఆధారం. ఆ ప్రకారం 2005లో బాధితులు సుమారు 52 లక్షలు. 2007లో వెలువడిన అంచనా 2006 సంఖ్యను సుమారు 25 లక్షలుగా చెప్పింది. ఏడాదిలో వ్యాధి సగానికి తగ్గలేదు. గణన ఆధారాలు మారాయి. 2005–06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఇంటింటా రక్తనమూనాలు సేకరించింది. 15–49 ఏళ్లవారిలో దేశంలో 0.28 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.97 శాతం తేలింది.

ఈ తేడాను గుంటూరు జిల్లా ముందే చూపింది. లలిత్ దండోనా బృందం అక్కడ 12,617 మందిని పరీక్షించి బాధితులు సుమారు 45,900 అని లెక్కగట్టింది. ఆసుపత్రి ఆధారిత అంచనా 1,12,600. అనుమానిత రోగులను ప్రైవేటు వైద్యులు ప్రభుత్వ ఆసుపత్రులకు పంపడం ఇందుకొక కారణం.

అడవి అంచున మరో చిక్కుంది. భద్రాచలం 1959లో తూర్పు గోదావరి నుంచి ఖమ్మంలో కలిసింది. 2014లో కూనవరం, చింతూరు, వి.ఆర్.పురం మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్లాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం విడి జిల్లా అయింది. కనుక రెండు కాలాల ‘ఖమ్మం’ ఒకే జనాభా కాదు. ఆసుపత్రికి రాని కోయ గర్భిణి ఆసుపత్రి లెక్కలోనూ ఉండదు.

శాతంతోపాటు సంవత్సరం, సరిహద్దు, నమూనా సేకరించిన చోటు పేర్కొనడం పరిశోధకుని బాధ్యత. పరీక్షా కేంద్రాల కేటాయింపు ఆ లెక్కలనే అనుసరిస్తుంది. లెక్కకెక్కని గూడేనికి వైద్యం ఆలస్యమయ్యే ప్రమాదముంది.