ఎంజీబీ కారు పునరుద్ధరణ

ఎంజీబీ బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఇంగ్లండ్‌లోని ఆబింగ్డన్ కర్మాగారంలో 1962 నుంచి 1980 వరకు తయారైంది. జీటీ రకంతో కలిపి 5 లక్షలకు పైగా కార్లు వెలువడ్డాయి. నిర్మాణం సులువుగా అర్థమవుతుంది, విడిభాగాలు నేటికీ దొరుకుతాయి. అందుకే పాత కారును ఇంట్లోనే బాగుచేసుకోవాలనుకునే ఔత్సాహికులకు ఇది ఎంతో అనువైనది.

బాడీ: ఈ కారుకు విడిగా చాసిస్ ఉండదు, బరువంతా బాడీయే మోస్తుంది. టాప్ తీయగలిగే రోడ్‌స్టర్‌కు తలుపుల కింద పొడవునా ఉండే సిల్స్ ప్రధాన ఆధారం. తుప్పు ముందుగా పట్టేదీ వీటికే. పైన రంగు నిగనిగలాడుతున్నా లోపలి రేకును తుప్పు తినేసి ఉండవచ్చు. సిల్స్‌ను కోసే ముందు తలుపు చోటులో ఇనుప కడ్డీలు అడ్డంగా బిగించాలి. లేకపోతే బాడీ మధ్యలో కుంగి, కొత్త సిల్ వెల్డింగ్ చేశాక తలుపు సరిగా మూసుకోదు. పని మధ్యమధ్యలో తలుపు బిగించి, చుట్టూ సందు సమానంగా ఉందో లేదో చూసుకోవాలి.

ఇంజిన్, వైరింగ్: ఇంజిన్ 1,798 సీసీ, నాలుగు సిలిండర్లది. ఎక్కువ కార్లలో రెండు ఎస్‌యూ కార్బురేటర్లు ఉంటాయి; రెండూ సమానంగా గాలి తీసుకునేలా సర్దాలి. తొలినాటి కార్లలో బ్యాటరీ పాజిటివ్ వైరు బాడీకి కలిపి ఉంటుంది. ఇది గమనించకుండా కొత్త రేడియో బిగిస్తే కాలిపోయే ప్రమాదముంది.

కొత్త బాడీలు: తుప్పుతో పూర్తిగా శిథిలమైన కార్ల కోసం బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ 1988లో కొత్త ఎంజీబీ బాడీల తయారీ ప్రారంభించింది.