తాలూకు

“పెళ్ళికొడుకు తాలూకు వాళ్ళొచ్చారు” అంటాం. ఇందులోని తాలూకు, పాత రెవెన్యూ లెక్కల్లోని తాలూకా ఒకే మాట. అరబ్బీలో ‘తఅల్లుఖ్’ అంటే సంబంధం. ఫలానా వారి అజమాయిషీకి చెందిన నేల తాలూకా అయింది.

హైదరాబాదు రాజ్యంలో ఈ మాట ఒక మలుపు తిరిగింది. 1853లో సాలార్‌జంగ్ దివాన్ అయ్యేనాటికి ఖజానా ఖాళీ. ఈస్టిండియా కంపెనీకి పడ్డ బాకీ కింద బీరారు ప్రాంతం ఆయన దివాన్ అయిన నెలలోనే చేజారింది. అప్పట్లో తాలూకాదారంటే గుత్తేదారు: సర్కారుకు ఇంత కడతానని ఒప్పుకొని, రైతు దగ్గర పిండినంత పిండుకునేవాడు. సర్కారుకు అప్పులిచ్చిన అరబ్బు, రోహిల్లా సైనిక నాయకుల గుప్పిట్లోనూ కొన్ని తాలూకాలు ఉండేవి. సాలార్‌జంగ్ వాటిని మెల్లగా విడిపించుకొచ్చాడు. 1865లో జిలాబందీ, అంటే జిల్లాల విభజన, చేసి, జిల్లాలకు జీతం మీద పనిచేసే అధికారులను పెట్టాడు. వాళ్ళ హోదా పేరేమిటి? తాలూకాదారే! అవ్వల్ తాలూకాదారంటే మన కలెక్టరు. పాత పేరు ఉంచి పనిని మార్చేయడం గడుసుతనమే. అయితే ఈ ఏర్పాటు నేరుగా సర్కారు కింద ఉన్న దివానీ భూములకే. జాగీర్లు దీనికి బయటే ఉండిపోయాయి. అది చిన్న లోటేం కాదు.

అవధ్‌లో మాత్రం తాలూక్‌దారు పెద్ద భూస్వామిగానే మిగిలాడు. ఆంధ్రప్రదేశ్‌లో 1985లో మండలాలు వచ్చి తాలూకాలు పోయాయి. కర్ణాటక, మహారాష్ట్రల్లో అవి ఇప్పటికీ ఉన్నాయి.